హాలుకు ఎవ్వరూ రారట

నవంబరు 3, సోమవారం

డైరీ గారి సముఖానికి, ముందుగా సాష్టాంగ క్షమాపణ. ఇకపై ఈ పేజీల్లో జరగబోయే సమస్త అపచారాలకూ — చెడ్డ చేతిరాతకూ, పప్పు మరకలకూ, పెద్దల మీద విసుర్లకూ, ఎంబీఏ చదివి గల్ఫులో, గలాలీ లేబర్ క్యాంపులో పై మంచం మీద ముడుచుకుని ఇవన్నీ రాస్తున్నందుకూ — నేనే పూర్తి బాధ్యుణ్ణి. తల వంచుతున్నాను. ఎలాగూ వంచాలి, సీలింగు తగులుతుంది.

ఈ రోజు చారిత్రక కార్యం ఒకటి నెత్తిన పడింది. మీనా సల్మాన్ రేవు దగ్గరి కంపెనీ ఆఫీసులో మేనేజరు పిలిచి నాలుగు పేజీల ఫారం చేతిలో పెట్టాడు. క్యాంపు హాలు మూసేస్తారట. మూసే ముందు, దానివల్ల ఎవరికి నష్టమో, ఎవరికి అందరికంటే ఎక్కువ నష్టమో రాయాలట. ఆడ, మగ, వయసు, మతం, ఒంట్లో లోపం — ఒక్కోదానికి ఒక్కో గడి. ఎవరో విదేశీ క్లయింటు అడిగిన కాగితం. పేరును తెలుగులోకి నేనే దించాను: సమానత్వ ప్రభావ అంచనా. శిలాఫలకం మీద చెక్కించదగ్గ గాంభీర్యం.

"పదహారో తారీఖు ఆదివారానికి కావాలి. చదువుకున్నవాడివి, నువ్వే చెయ్యి" అన్నాడు.

ఆ మాటతోనే అనుమానం. నేను చదువుకున్న సంగతి వీళ్లకు గుర్తొచ్చినప్పుడల్లా ఎవరికో ఏదో అవుతుంది.

సాయంత్రం నల్లాల దగ్గర బట్టలు ఉతుకుతూ అందరికీ ఈ వార్త చెప్పాను. కాస్త నవ్వించాను కూడా. ఒక్కరు తప్ప అందరూ నవ్వారు. ఏమన్నానో ఇక్కడ రాయనక్కర్లేదు.

నవంబరు 4, మంగళవారం

ఫారం మొత్తం చదివాను. మొదటి మూడు పేజీలు తెల్లగా ఖాళీ. నాలుగో పేజీ అడుగున చివరి గడి — 'ప్రభావం ఏమీ లేదు' — దానికి అప్పటికే టిక్కు కొట్టి ఉంది. నీలం ఇంకు.

పరీక్ష పెట్టకముందే ఫలితాలు. మా కాలేజీ గుర్తొచ్చి కళ్లు చెమ్మగిల్లాయి.

ఎవరు కొట్టారు? మేనేజరు పెన్ను నలుపు. క్యాంప్ బాస్ చెవి మీద మాత్రం ఎప్పుడూ ఒక నీలం పెన్ను. మా బిల్డింగుల తాళాలన్నీ ఆయన నడుముకే వేలాడతాయి. గమనించాను. రాసి పెడుతున్నాను.

నవంబరు 5, బుధవారం

డ్యూటీ దిగాక జనగణన ప్రారంభం. ఫారం, పెన్ను, ముఖాన తగినంత గాంభీర్యం.

డైరీ గారి సౌకర్యార్థం: హాలు అంటే ఒకటే గది. మా మగవాళ్ల బిల్డింగుకూ, జుఫైర్ హోటళ్లలో క్లీనింగ్ చేసే ఆడవాళ్ల బిల్డింగుకూ నడుమ, నేల మీద. ఒక టీవీ, ఒక క్యారం బోర్డు, నడుం విరిగిన సోఫా. వారమంతా మాది, శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలు ఆడవాళ్ల ప్రార్థనది. మూశాక బదులుగా మా బిల్డింగులోనే మూడో అంతస్తులో ఒక గది ఇస్తారట. లిఫ్టు లేదు.

క్యారం ఆడుతున్న నలుగురి దగ్గరికి వెళ్లాను.

"హాలుకు వస్తరా?"

"రాం."

"మరి ఇప్పుడు ఏడున్నరు?"

"నీళ్లు తాగనీకె వచ్చినం."

ఆ మాటన్నవాడి వేలి కింద స్ట్రైకరు, ఎర్ర కాయ్‌కు గురి. నీళ్లు తాగి తీరాలన్నంత పట్టుదల ముఖంలో.

సోఫా మీద వెల్లకిలా పడుకున్నవాణ్ణి అడిగాను. "హాలా? ఏ హాలు?" అన్నాడు.

రెండు అంతస్తులు తిరిగాను. ఎవ్వరూ రారు. ఎన్నడూ రాలేదు. టీవీ తనంతట తానే చూసుకుంటోందట.

కారణం తెలిసింది. మా క్యాంపులో పేర్లు రాసిన కాగితానికి అర్థాలు రెండే — ఓవర్‌టైం, లేదా ఇంటికి టికెట్టు. ఇది ఓవర్‌టైం కాదని అందరికీ తెలుసు. దానికి తోడు ఒక పుకారు తిరుగుతోంది: హాలుకు వచ్చేవాడంటే పని తక్కువున్నవాడట, లిస్టు అందుకేనట, మొదటి ఫ్లైటు వాళ్లకేనట.

ఇంత తెలివితక్కువ మాట ఎవరు పుట్టించారు? తేల్చాలి. విచారణ మొదలైంది.

నవంబరు 6, గురువారం

లిఖిత సాక్ష్యం కోసం వెళ్లాను. స్ట్రైకర్లు మాయమవుతున్నాయని క్యాంప్ బాస్ పెట్టిన నియమం ఒకటుంది: పుస్తకంలో సంతకం చేసి తీసుకోవాలి. ఏడాది నాటి పుస్తకం. ఎవరొచ్చారో, ఎన్నిసార్లొచ్చారో అందులో ఉండాలి.

అట్ట ఉంది. లోపల జల్లెడ. ఒక్కొక్కడూ వచ్చి, తన పేరున్నంత మేర గోరుతో చించుకుపోయాడు. ఎంత నీతి! పక్కవాడి పేరు మీద గీత కూడా పడకుండా.

పేజీ పేజీకీ మిగిలిన సంతకం ఒక్కటే. నాది.

నేనొక్కణ్ణే భయపడలేదన్నమాట. ధైర్యవంతుణ్ణి అని రాసుకుంటున్నాను. వేరే కారణం వెతకొద్దు.

నవంబరు 7, శుక్రవారం

మధ్యాహ్నం ప్రార్థన వేళకు వెళ్లాను. సరోజక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది. కాకినాడ వైపు మనిషి, ఈ కూడికకు పెద్దదిక్కు. వెనక ఆడవాళ్లు చెప్పులు విడుస్తున్నారు, గచ్చు నిండిపోయింది.

"ప్రార్థనకు ఎంతమంది వస్తారక్కా?"

"ఎవ్వరం రామండి."

"మరి ఆ డోలక్కు..."

"దుమ్ము దులుపుదామని తెచ్చామండి."

చంకలో బైబిలు. ఆ ముక్క అనేటప్పుడు దాన్ని మెల్లగా వెనక్కి జరిపింది, వినకూడదన్నట్టు. నాకు నవ్వు రావాలి. సగమే వచ్చింది.

"వారమంతా ఎవరి పక్క దుప్పట్లో మారుస్తామండి. మా ఆడపిల్లలు మనుషుల్లా కూర్చునేది ఈ రెండు గంటలే. పేర్లు మాత్రం అడక్కండి బాబూ. మీకు పుణ్యముంటుంది."

ఆడ: సున్నా. మగ: సున్నా. హిందువులు, క్రైస్తవులు, ముసలి, పడుచు: సున్నా. ఇంత సమానత్వం ప్రపంచంలో ఎక్కడా ఉండదు.

నవంబరు 9, ఆదివారం

గేటు డ్యూటీ సాయిలన్న హాల్లో లేడు. సోఫా మూలన ఆయన కూర్చునే గుంట మాత్రం ఉంది.

నవంబరు 10, సోమవారం

క్యాంప్ బాస్ హాల్లో టేపు పట్టి కొలుస్తున్నాడు. గోడ నుంచి గోడకు. కొలతలు అరచేతి మీద రాసుకుంటున్నాడు — నీలం ఇంకు!

"ఏం కొలుస్తున్నవ్ భాయ్?"

"కుచ్ నహీ. సామాన్ ఆయేగా."

ఏ సామానో చెప్పడు. టిక్కు సంగతి అడిగితే తాళాలు గలగలలాడించి వెళ్లిపోయాడు. నేరస్తుడు దొరికాడు. కాకపోతే ఇది టిక్కు కొట్టిన నేరం. పుకారు నేరం వేరే ఫైలు. మా మాటలు ఆయనకు రావు, తెలుగులో ఎలా పుట్టిస్తాడు?

వేరే ఫైలు తెరవబుద్ధి కావడం లేదు.

నవంబరు 11, మంగళవారం

సాయిలన్న దొరికాడు. గేటు పక్కన, బోర్లించిన పెయింటు డబ్బా మీద. మాది పక్కపక్క ఊళ్లు, జగిత్యాల దాటాక. పరంజా మీంచి పడి మోకాలు పోయాక ఆయనకు గేటు దగ్గర లైట్ డ్యూటీ. మెట్లెక్కలేడని గది కూడా కిందే ఇచ్చారు. డ్యూటీ అయ్యాక ఆయన చేరగలిగిన చోటు ఆ హాలొక్కటే.

"హాల్ల కూసోక ఈ డబ్బ మీద ఏందే అన్నా?"

"గాలి మంచిగున్నది తమ్మీ."

ఎదురుగా బస్సు స్టార్టులో ఉంది. గాలి మొత్తం డీజిలు.

"నీ పేరొక్కటి రాసుకుంట. నీ అసొంటోళ్ల కోసమే ఫారంల ఒక గడి ఉన్నది. నువ్వు మూడో అంతస్తు ఎక్కలేవని రాస్తే హాలు మూసుడు వాళ్లకు కష్టమైతది."

"నువ్వు రాస్తవ్. వాళ్లు నా మోకాలు సూస్తరు. ఎక్కనీకె రానోడు ఇంకా ఎందుకున్నడు అంటరు. వద్దు. హాలు పోతె పోనీ, నాకు డ్యూటీ కావాలె."

కర్రతో నేల మీద ఏదో గీశాడు. చెరిపేశాడు.

"గా మాట ఎవడన్నడో తెల్సిందా?"

"ఎంక్వైరీ నడుస్తున్నదన్నా."

"ఎవడో గాని పుణ్యాత్ముడు. ముందుగాల్ల చెప్పి బతికిచ్చిండు."

నవంబరు 12, బుధవారం

పుణ్యాత్ముడు.

ఇవాళ ఇంతే.

నవంబరు 13, గురువారం

ఆఫీసు. మేనేజరు ఫారం తిరగేశాడు — అన్నీ సున్నాలు. ముఖం వెలిగిపోయింది.

"చూశావా? ఎవరూ వాడటం లేదు."

"వాడుతున్నారు సార్. చెప్పడం లేదు."

"చెప్పనిది ఎలా రాస్తాం?"

అదీ నిజమే. 

"ఈ పేర్లున్నవాళ్లను ఇంటికి పంపుతారా సార్?" అని అడిగాను. అడిగేశాను, అంతే.

"ఎవరన్నారు?" ఆశ్చర్యపోయాడు. మేనేజర్ల ఆశ్చర్యాన్ని నమ్మకూడదని నా నియమం. ఇది మాత్రం అసలు సరుకు. నాకు తెలుసు... ఎలా తెలుసో తర్వాత.

"ఖలాస్. కనీసం ఒక్క పేరన్నా ఉంటే నేను పైవాళ్లతో మాట్లాడాలి. లేదుగా. ఆదివారం సంతకం పెట్టి ఇచ్చెయ్."

వీళ్లు జీతమిచ్చి మనుషుల్ని పెట్టుకుని పుకారు పుట్టించినా ఇంత చక్కగా కుదిరేది కాదు. ఉచితంగా దొరికింది.

నవంబరు 14, శుక్రవారం

మూడింటికి హాలు ఖాళీ. ఏసీ కూడా ఆపలేదు, దానికెవరూ చెప్పినట్టు లేదు. ఇంకా మూయలేదు. తాళం వేయలేదు. ఆదివారం దాకా మూయరు. అయినా ఖాళీ.

ఆడవాళ్ల ప్రార్థన వాళ్ల బిల్డింగు మెట్ల మీద జరిగిందట. డోలక్కు లేకుండా, చప్పుడు బయటికి రాకుండా.

అయ్యాక సరోజక్క గోడ దగ్గరికి వచ్చి పిలిచింది.

"ఆ కాగితంలో ఆడవాళ్లకో గడి ఉందన్నారు కదండి?"

"ఉందక్కా."

"మగాళ్ల బిల్డింగులో మూడో అంతస్తుకి మేమెలాగొస్తామండి? వాచ్‌మన్ గుమ్మమే దాటనివ్వడు. అది రాశారా?"

"రాయాలంటే పేరుండాలక్కా. ఒక్కటైనా."

 కొంగు అంచు వేలికి చుట్టుకుంది.

"అయితే నాది రాయండి. సరోజ, క్లీనింగు సెక్షను. పిల్లలవి వద్దు. పంపిస్తే నన్నొక్కదాన్నే పంపిస్తారు, పోతాను."

నోరు తెరిచాను. చెప్పాల్సింది నాలుగు ముక్కలు. ఎవరూ పంపరక్కా, అది వట్టి మాట.

"ఎలా తెలుసు?" అంటుంది కదా.

"సరేనక్కా" అన్నాను. ఆవిడ ఎదురుగానే రాసుకున్నాను. అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో తొంగి చూసి మరీ వెళ్లింది.

నవంబరు 15, శనివారం

రేపు ఇవ్వాలి. ఫారంలో ఒకే పేరు. పక్క గడిలో ఇంకో పేరు రాశాను, కొట్టేశాను, మళ్లీ రాశాను. కొట్టేశాను. ఆయన వద్దన్నాడు.

కిటికీలోంచి గేటు కనబడుతోంది. ఎండలో డబ్బా. డబ్బా మీద సాయిలన్న, కాలు చాపుకుని.

రేపు పొద్దున బస్సు ఎక్కే ముందు అందరూ వరుసలో ఉంటారు. చెప్పాలంటే అప్పుడే చెప్పాలి. చెబితే నమ్ముతారా? నా మాట ఇంతవరకూ ఒక్కసారే నమ్మారు.

విచారణ నివేదిక. మేనేజరు: హాలు మూయాలనుకున్నాడు, నిజం. క్యాంప్ బాస్: టిక్కు కొట్టాడు, గది కొలిచాడు, నిజం. ఇద్దరి మీదా పేజీలకు పేజీలు రాశాను. మొదటి రోజు చేయని అపచారాలన్నింటికీ సాష్టాంగపడి, చేసినదాన్ని ఆ రోజే దాటేశాను.

సోమవారం, నల్లాల దగ్గర, చేతిలో సబ్బు. అన్నది నేనే. "హాలుకు వచ్చేటోళ్ల పేర్లు రాసుకొమ్మన్నరు. క్యారం ఆడే తీరికున్నదంటే పని లేనట్టే గద... ముందుగాల్ల వాళ్లకే టికెట్!" నురగ చేతిని విమానంలా గాల్లోకి లేపాను. అందరూ పగలబడి నవ్వారు. సాయిలన్న నవ్వలేదు. తల వంచి మోకాలి వంక చూసుకున్నాడు.

నేను చూశాను. చూసి కూడా, విమానాన్ని ఇంకోసారి లేపాను.