విట్బీ దాకా

సెయింట్ బీస్,
జూలై 1957

ప్రియమైన విన్నీకి,

క్షేమంగా చేరాం. మిల్లులు సెలవులకు మూయగానే బర్న్‌లీ ఊరంతా బ్లాక్‌పూల్ బీచికి రైలెక్కితే, వీపున మూటలు కట్టుకుని ఇటు బయల్దేరిన మా ఇద్దరినీ చూసి టికెట్ గుమాస్తా కూడా నవ్వాడు. ఈ పొద్దున పడమటి సముద్రంలో బూట్లు తడుపుకున్నాం. ఇక తూర్పు సముద్రం తగిలేదాకా నడకే. ఎన్నేళ్ళుగా అనుకుంటున్నదో నీకు తెలుసు.

ఆర్నల్డ్‌ని నువ్వు చూడాలి. మిల్లులోనూ ఊళ్ళోనూ తల వంచుకుని తిరిగేవాడు, ఇక్కడ గొర్రెలకి కూడా టోపీ తీసి దారిస్తున్నాడు. డేరా బట్ట నా మూటలో ఉంది, కర్రలు వాడి మూటలో ఉన్నాయి. కాబట్టి పోట్లాడుకున్నా విడిపోయే వీల్లేదు.

వాళ్ళమ్మ ఎస్తరమ్మని చూసుకుంటానని నువ్వు మాటివ్వకపోతే ఆవిడ కొడుకుని గుమ్మం దాటనిచ్చేది కాదు. "వెళ్ళు నాయనా, నేను పోయాక తీరిగ్గా రా" అని సాగనంపింది. వాడు నవ్వేసి మూట భుజానికెత్తుకున్నాడు.

ప్యాటర్‌డేల్, కిర్క్‌బీ స్టీఫెన్, రిచ్‌మండ్, చివరికి విట్బీ. ఈ ఊళ్ళ పోస్టాఫీసులకు నా పేరున రాయి. వెళ్ళి అడిగి తీసుకుంటాను.

నీ
క్లిఫ్

* * *

బర్న్‌లీ

ప్రియమైన క్లిఫ్‌కి,

ఇది చదవగానే ఆర్నల్డ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా చెప్పు. ఎస్తరమ్మ నేలమాళిగ మెట్ల మీద జారిపడింది. బొగ్గు నేను తెచ్చిపెడతానన్నా వినలేదు. తుంటి విరిగింది. ఆసుపత్రిలో చేర్చాం. ఈ వయసులో మంచానపడితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుందని డాక్టరు భయపడుతున్నాడు.

కళ్ళు తెరిస్తే ఒకటే ప్రశ్న, "ఆర్నల్డ్ బయల్దేరాడా?" అని. బయల్దేరాడని చెప్పాను. ఈ ఉత్తరం అందిన రోజే వాణ్ణి దగ్గర్లోని పెన్రిత్‌లో రైలెక్కించు. నువ్వు రాకపోయినా ఫరవాలేదు, వాడు రావాలి.

నీ కాళ్ళు ఎలా ఉన్నాయి? ఉన్ని మేజోళ్ళు మార్చుకుంటున్నావా?

ప్రేమతో,
విన్నీ

* * *

ప్యాటర్‌డేల్

ప్రియమైన విన్నీకి,

నీ ఉత్తరం అందింది. అందినప్పుడు ఆర్నల్డ్ పక్క కొట్లో పుదీనా మిఠాయి కొంటున్నాడు. "ఏంట్రా, మీ ఆవిడ ఏమంటోంది?" అని అడిగాడు. అందరూ బాగున్నారని చెప్పి ఉత్తరం కోటు జేబులో పెట్టుకున్నాను.

కోప్పడే ముందు ఒక్క మాట విను. వాడు ఎప్పుడు ఊరు దాటబోయినా ఆవిడకి ఏదో ఒకటి వస్తుంది. వాడికి డోరతీతో పెళ్ళి కుదిరిన వారం గుండెనొప్పి వచ్చింది. డోరతీ వేరొకర్ని చేసుకోగానే అది తగ్గిపోయింది. తుంటి నిజంగానే విరిగి ఉండొచ్చు. కాదనను. కానీ అక్కడ నర్సులున్నారు, నువ్వున్నావు. వాడొచ్చి చేసేదేముంది, టోపీ పట్టుకుని మంచం పక్కన నిలబడ్డం తప్ప?

నిన్న శిఖరం మీద మబ్బు విడిపోయి కింద సరస్సు కనబడింది. వాడు నా చెయ్యి పట్టుకుని, "క్లిఫ్, ఇంత చోటు ఉందని నాకెవరూ చెప్పలేదురా" అన్నాడు. ఆ మనిషిని వెనక్కి తోలుకుపోయి ఆ ఇంట్లో పడెయ్యమంటావా?

కిర్క్‌బీ స్టీఫెన్ చేరాక, అప్పటికీ నయం కాకపోతే చెబుతాను.

నీ
క్లిఫ్

* * *

బర్న్‌లీ

క్లిఫ్‌కి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రాసింది నువ్వేనా అని చేతిరాత చూసుకున్నాను.

నువ్వు అనుమానించినట్టే నాటకమని తేలిపోతే నాకూ హాయిగా ఉండేది. ఊపిరి అందక ఆవిడ ఛాతీ చప్పుడు చేస్తోంది. కొడుకుని నేనే రానివ్వడం లేదని అనుకుంటోంది. నిన్న టీ పట్టబోతే మొహం మీద ఉమ్మి, "నా బిడ్డని ఎక్కడ దాచావే?" అంది. పక్క మంచాల వాళ్ళందరూ నావైపే చూశారు. తుడుచుకుని, దారిలో ఉన్నాడమ్మా, రైలు ఆలస్యమైంది అన్నాను. రోజూ ఒక కొత్త రైలు కల్పిస్తున్నాను. ఆ అబద్ధాలు నీవి, ఆడుతున్నది నేను.

ఆవిడ మంచిదని నేననను. డోరతీ సంగతి నాకూ తెలుసు. అయినా చచ్చిపోయేది ఆవిడ. వెళ్ళాలో వద్దో తేల్చుకోవలసింది వాడు. మధ్యలో నువ్వెవరు?

చెప్పు. ఈ రోజే చెప్పు.

విన్నీ

* * *

రిచ్‌మండ్

విన్నీకి,

చెప్పలేదు.

కిర్క్‌బీ స్టీఫెన్‌లో చెబుదామనే అనుకున్నాను. పొయ్యి ముందు కూర్చున్నాం. నోరు తెరిచాను కూడా. వాడు వెంటనే, "రేపు ఎటు పోదాం? కొండ మీది బురద నేల మీదుగానా, వాగు వెంటా?" అని మ్యాపు పరిచాడు. వాగు వెంట అన్నాను.

నీ దగ్గర దాచడం దేనికి? ఇది వాడి కోసం మాత్రమే కాదు. వాడు వెళ్ళిపోతే డేరా నిలబడదు, నడక ఇక్కడితో సరి. పదిహేనేళ్ళ వయసు నుంచి ఆ మగ్గాల షెడ్డులో దూది దుమ్ము పీలుస్తున్నాను. ఏడాదికి ఒక్కసారి సెలవులు. నా జీవితంలో నేను మొదలుపెట్టి పూర్తిచేసింది ఏదైనా ఉందా చెప్పు. ఇదొక్కటి ఉండాలనుకుంటున్నాను. ముసలావిడ కోసం దీన్ని వదులుకోలేను. రాస్తుంటే నాకే చెడ్డగా వినిపిస్తోంది, అయినా కొట్టెయ్యను.

ఇక మిగిలింది హెదర్ పొదల మైదానాలే. పూత మొదలైంది. ఆవిడ ఇంకొంచెం ఓపిక పట్టేలా చూడు.

క్లిఫ్

* * *

బర్న్‌లీ

క్లిఫర్డ్‌కి,

ఎస్తరమ్మ పోయింది.

ఆఖర్న నన్ను తిట్టడం మానేసింది. అదే ఎక్కువ బాధనిపించింది. తలుపు వైపు తిరిగి పడుకుంటానంది. తిప్పాం. తెల్లవారాక కూడా అటే చూస్తూ ఉంది, పోయిందని నర్సు చెప్పేదాకా నాకు తెలియలేదు.

కొడుకు వచ్చేదాకా ఖననం ఆపమని చాపెల్‌లో అడిగాను. ఎందుకు రాలేదని పాస్టరు అడిగారు. చెప్పాను. వీధిలో అడిగారు, వాళ్ళకీ చెప్పాను. నా మొగుడు ఉత్తరాలు దాచాడని మొహం చాటెయ్యకుండా అందరికీ చెప్పాను.

ఆర్నల్డ్‌కి వేరే ఉత్తరం రాశాను. జరిగిందంతా అందులో ఉంది. విట్బీ పోస్టాఫీసులో ఇది నీ చేతికిచ్చినప్పుడే అది వాడి చేతికిస్తారు. ఇద్దరూ ఒకే కౌంటరు ముందు నిలబడి చదువుకోండి.

విన్నిఫ్రెడ్

* * *

విట్బీ

విన్నీ,

నువ్వు కోరుకున్నట్టే జరిగింది. ఒకే కౌంటరు ముందు చదువుకున్నాం. నేను ముందు ముగించాను. వాణ్ణి చూసే ధైర్యం లేక గోడ మీది తపాలా రేట్లు చూస్తూ నిలబడ్డాను. వాడు నిదానంగా చదివి, మడిచి, బయటికి నడిచాడు. వెనకే వెళ్ళాను. రేవు దాకా వెళ్ళి ఆగాడు. అక్కడ చేపల బుట్టల మీద కూర్చుని బూట్లు విప్పుకుంటూ, "నాకు ముందే తెలుసురా" అన్నాడు.

అర్థం కాలేదు. ప్యాటర్‌డేల్‌లో నేను స్నానానికి వెళ్ళినప్పుడు అగ్గిపెట్టె కోసం నా కోటు జేబులో చెయ్యి పెట్టాడట. నీ ఉత్తరం చదివి మళ్ళీ అక్కడే పెట్టేశాడు. అప్పటి నుంచీ ఫోన్ బూత్ కనబడ్డ ప్రతి ఊళ్ళోనూ ఆసుపత్రికి ఫోన్ చేశాడు, మేనల్లుణ్ణని చెప్పి. పోయిందని కూడా నాకంటే ముందే తెలుసు. అది తెలిసిన సాయంత్రం వాడు బఠానీలూ మటన్ కూరా రెండు ప్లేట్లు తిన్నాడు, విన్నీ. నేను ఎదురుగానే ఉన్నాను.

మరి ఎందుకు ఊరుకున్నావని అడిగాను. "నువ్వు చెబుతావేమోనని రోజూ భయపడి చచ్చాను. చెబితే వెళ్ళాల్సి వచ్చేది. చెప్పలేదు నువ్వు. నా అంతట నేను అమ్మని వదిలేసే మగాణ్ణి కాను క్లిఫ్, నీకు తెలుసు కదా. నువ్వు వదిలించావు" అన్నాడు. కోపం లేదు వాడి గొంతులో. కృతజ్ఞతలు చెబుతున్నట్టే ఉంది. తర్వాత బూట్లు సముద్రంలో ముంచి, నువ్వు రాసిన ఉత్తరం జాగ్రత్తగా లోపలి జేబులో పెట్టుకుని, మధ్యాహ్నం రైలుకి వెళ్ళిపోయాడు. డేరా కర్రలు నా దగ్గర వదిలేశాడు.

నేను చేసింది ఒప్పు అనడం లేదు. కానీ వాడికి తెలుసు. ఈ మాట నువ్వయినా నమ్మాలి, నలుగురికీ చెప్పాలి. నీ జవాబు వచ్చేదాకా ఇక్కడే ఉంటాను.

నీ
క్లిఫ్

* * *

బర్న్‌లీ

క్లిఫర్డ్‌కి,

నిన్న ఖననం అయింది. ఆర్నల్డ్ సమాధి దగ్గర మోకాళ్ళ మీద పడిపోయాడు. ఇద్దరు పట్టుకుని లేపాల్సి వచ్చింది. నా ఉత్తరం అందరికీ చూపించాడు. "తెలిసుంటే పరిగెత్తుకొచ్చేవాణ్ణి" అన్నాడు. నిన్ను ఒక్క మాట కూడా అనలేదు. క్లిఫ్‌ని క్షమించానన్నాడు. పాస్టరు కళ్ళు తుడుచుకున్నారు.

నీ ఉత్తరం ఈ పొద్దున వచ్చింది. ఆసుపత్రికి వెళ్ళి అడిగాను. ఎస్తరమ్మ మేనల్లుడొకడు దూరం నుంచి ఫోన్ చేస్తుండేవాడని నర్సు చెప్పింది. ఎస్తరమ్మకి తోడబుట్టినవాళ్ళే లేరు. కాబట్టి నిన్ను నమ్ముతున్నాను.

నమ్ముతున్నాను గానీ ఎవరికీ చెప్పను. కొడుకుకి తెలియక రాలేదన్న మాటయినా ఆ ముసలావిడకి మిగలనీ. ఇక నీ సంగతంటావా, వాడికి తెలుసని నీకప్పుడు తెలియదు. తెలియదనుకునే అన్ని రోజులూ వాడి పక్కన నడిచావు, వాడి చేతి టీ తాగావు. వాడేం చేసినా, నువ్వు చేసిందాంట్లో రవ్వంత కూడా తగ్గదు.

సోమవారం మిల్లు తెరుస్తారు. పనికి రా, మానకు. ఎప్పట్లాగే నీ మగ్గం ఆర్నల్డ్ మగ్గం పక్కనే. ఆ మగ్గాల హోరులో నిన్ను ఎవరేమన్నా చెవికి వినపడదు. పెదవులు చూసి తెలుసుకోవడం నీకు అలవాటే.

విన్నిఫ్రెడ్