కోటమ్మ చెప్పని పేరు

డార్విన్,
జులై 28.

పాత రికార్డులు, శ్మశానాల విభాగం అధికారి గారికి,

అయ్యా,

విషయం: 1911 జనాభా లెక్కల పుస్తకములో మా తాతమ్మ కోటమ్మకు ఎదురుగా ఖాళీ వదిలిన భర్త పేరు నింపించుట, మా ముత్తాత సత్తెయ్య సమాధిని తవ్వకుండా ఆపించుట గురించి.

డార్విన్ ఆసుపత్రిలో రక్తపరీక్షల విభాగమున ఇరవై ఆరేళ్ళుగా పనిచేయుచున్న కనకదుర్గ అను నేను తమకు తెలియజేసుకొనునది:

ఇది నా నాలుగో అర్జీ. మొదటి మూడూ ఇంగ్లీషులో రాశాను. మూడింటికీ కుదరదనే జవాబు వచ్చింది, సాకు మాత్రం మారింది. ఆ జవాబు అడుగున "మీరు మీ భాషలో రాయవచ్చు, అనువాదకులను మేము ఏర్పాటు చేస్తాము" అని ఉంది. మంచిది, ఏర్పాటు చేసుకోండి. ఇంగ్లీషులో నాకు మర్యాదే వస్తుంది, కోపం రాదు.

1. మా ముత్తాత సత్తెయ్య కోరంగి నుంచి రంగూన్ మీదుగా, ముత్యపు చిప్పలు తీసే పడవల్లో పనికి ఈ ఊరు వచ్చినవాడు. 1912లో జ్వరం వచ్చి పోయాడు. పడవ యజమాని పాత శ్మశానం అంచున పాతిపెట్టించి, పేరూ ఊరూ చెక్కించిన రాయి వేయించాడు. తాతమ్మ నాలుగేళ్ళ కొడుకుని చంకనేసుకుని కోరంగి వెళ్ళిపోయింది. ఆ కొడుకు రామానుజం మా తాత. ఇప్పుడు రోడ్డు వెడల్పు చేయు నిమిత్తము, వారసులు లేని సమాధులను తవ్వి, ఎముకలన్నిటినీ ఒకే గోతిలో వేసి, పైన "పేర్లు తెలియని ఆసియా పనివారు" అని పలక పెట్టుదురని తమ ప్రకటన. ఆగస్టు 20న పని మొదలట. పేరు తెలియకపోవడమేమిటండీ? రాయి మీద ఉంది కదా!

2. వారసత్వమునకు ఋజువుగా మా తాత బడి సర్టిఫికెట్టు జతపరచితిని. అందులో తండ్రి సత్తెయ్య, తల్లి కోటమ్మ అని ఉంది. "ఆ పేరు గలవారు మరొకరు కూడా ఉండవచ్చును, జనాభా లెక్కలలో ఆ కుటుంబము కనబడిన యెడల పరిశీలించెదము" అని సెలవిచ్చారు. సరే అని ఏడు శనివారాలు పాత పుస్తకాల ఫిల్ములు చూపే మీ మసక తెర ముందు కూర్చున్నాను. ఏడో శనివారం దొరికింది. కోటమ్మ, ఇరవై రెండేళ్ళు, పుట్టిన ఊరు కోరంగి. రామానుజం, మూడేళ్ళు. నేను పైకే ఏడ్చాను. పక్క తెర ముందు తన తాతను వెతుక్కుంటున్న ముసలాయన ఎవరో తన చేతిరుమాలు నాకిచ్చాడు.

3. భర్త పేరు గడిలో మాత్రము "చెప్పుటకు నిరాకరించినది" అని యున్నది. పక్కన ఆనాటి గుమాస్తా ఇలా రాశాడు: "మూడుసార్లు అడిగితిని. పిల్లవాని తండ్రి అనును, సముద్రము వైపు చూపును. మొండి మనిషి." ఇది పట్టుకుని తమ కార్యాలయం నాకు రాసిన వాక్యం: "సదరు స్త్రీకి భర్త ఉన్నట్లు ఆధారము లేదు."

అయ్యా, ఈ వాక్యం చదివాక రెండు రోజులు నాకు అన్నం సహించలేదు.

4. తమకు తెలియని సంగతి ఒకటి విన్నవించుకుంటున్నాను. మా వైపు ఆ కాలపు ఆడది మొగుడి పేరు నోట పలకదు. పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని భయం. పెళ్ళినాడు గుమ్మంలో ఆడపడుచు అడ్డం నిలబడి, పేరు చెబితేనే లోపలికి రానిస్తానంటే, తల దించుకుని ఒక్కసారి చెబుతుంది. అక్కడితో సరి. ఆ తర్వాత "ఆయన", కాకపోతే "మావాడి నాన్న". మీ గుమాస్తా ఆడపడుచు కాదు కదా! పైగా అప్పటికి తుపాన్ల వానలింకా పోలేదు, మనిషి సముద్రం మీద ఉన్నాడు. అలాంటప్పుడు ఎవడో టోపీవాడు గుమ్మంలో నిలబడి గద్దిస్తే ఆయన పేరు పైకి అంటుందా? చస్తే అనదు. నిజంగా మొగుడు లేనిదైతే నోటికొచ్చిన పేరేదో చెప్పి వాణ్ణి పంపేసేది. చెప్పకపోవడమే ఆయన ఉన్నాడనడానికి ఋజువు. ఇంతకంటే గట్టి ఋజువు మీ కార్యాలయంలో ఇంకేదైనా ఉంటే చూపించండి.

5. ఇదే మాట తమ కౌంటరులో స్నేహ అనే అమ్మాయికి చెప్పాను. ఈ దేశంలోనే, వెర్రిబీ అనే ఊళ్ళో పెరిగిన తెలుగు పిల్ల.

"ఐ గెట్ ఇట్ ఆంటీ, కానీ సిస్టమ్‌లో దానికి ఆప్షన్ లేదు. రిఫ్యూజ్డ్ అంటే రిఫ్యూజ్డే" అంది.

"మీ అమ్మమ్మ మీ తాతయ్యని ఏమని పిలుస్తుందమ్మా?"

"పిలవదు ఆంటీ. వీడియో కాల్‌లో కూడా ‘ఇదిగో, పిల్ల మాట్లాడుతుందంట’ అంటుంది, అంతే."

"ఆయన పేరు ఆవిడ నోట ఎప్పుడైనా విన్నావా?"

"నెవర్."

"అయితే మీకు తాతయ్య లేనట్టేనా?"

నవ్వబోయి ఆగిపోయింది. "మేనేజర్‌కి రాయండి ఆంటీ. స్ట్రాంగ్‌గా రాయండి" అంది. ఆ పిల్ల మీద ఏ చర్యా తీసుకోవద్దని ప్రార్థన. గట్టిగా రాయాలని నాకు ముందే ఉంది.

6. మా అబ్బాయి రిషి కూడా తమ పక్షమే. "అమ్మా, హండ్రెడ్ ఇయర్స్ అయింది. బోన్స్ కూడా మిగిలుండవు. లెట్ ఇట్ గో" అంటాడు. ఎముకలు లేకపోతే పోనీ. ఈ ఊళ్ళో ఇరవై ఆరేళ్ళుగా "అసలు నువ్వెక్కడి నుంచి?" అని నన్ను అడగనివాడు లేడు. నేను పుట్టకముందే ఈ మట్టిలో కలిసిపోయిన మనిషి తాలూకు దాన్ని నేను. ఆయన్ని పేరు లేని గోతిలో కలపనివ్వను.

కావున తమరు సదరు గడిలో భర్త పేరు నమోదు చేయించి, సమాధిని ఉన్నచోటనే ఉంచవలెనని ప్రార్థించుచున్నాను. అలాగే మా తాతమ్మ గురించి రాసిన ఆ వాక్యాన్ని లిఖితపూర్వకంగా వెనక్కి తీసుకోవాలి. ఇది మాత్రం ప్రార్థన కాదు.

ఈసారైనా చివరిదాకా చదివి చిత్తగించవలెను.

తమ విధేయురాలు (ఆచారానికి రాశాను, నమ్మవద్దు),
కనకదుర్గ

తా.క.: ఆగస్టు 20కి సెలవు పెట్టేశాను. 1912లో మా తాతమ్మ ఆయన్ని ఒక్కణ్ణే ఇక్కడ వదిలి ఓడెక్కింది. ఆవిడకి వేరే దారి లేదు. నాకుంది. మీ యంత్రం వచ్చేసరికి ఆ రాయి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటాను. లేవమంటే లేవను. ఎవరని అడిగితే మాత్రం ఎన్నిసార్లయినా చెబుతాను. ఆవిడ చెప్పలేని మాట ఆవిడ బదులు నేను చెప్పవచ్చు, ఆయన ఆయుష్షుకి ఇక వచ్చే ప్రమాదమేమీ లేదు. భర్త పేరు సత్తెయ్య. రాసుకోండి.