కుండను కొట్టినట్టు పడవను కొట్టి చూశాను

హైదరాబాద్, 10-10-2011

అవ్వా, సమ్మెకు బస్సులు బందయ్యాయని పరేషాన్ కావద్దు. పడవలు బాగుచేసే మా షెడ్డులోనే తిండి, నిద్ర, క్షేమంగా ఉన్నాను.

పోయిన నెల మా షెడ్డు యజమాని గౌస్ సార్ తెరచాప పడవ కొనడానికి నన్ను ఇక్కడి సాగర్ చెరువు గట్టుకు తీసుకుపోయారు. పాత ఫైబర్ పడవలు రెండున్నాయి. ఒకటి కొత్త రంగుతో మెరుస్తోంది, రెండోది పాచి పట్టి ఉంది. ఆయన మెరిసేదాన్నే ఖాయం చేయబోతుంటే, నువ్వు జనగామ అంగట్లో కుండను చూసినట్టు, వేలి కణుపుతో రెండింటినీ కొట్టి చూశాను. మెరిసేది అడుగున మొద్దుగా పలికింది, పాచిది ఖంగుమంది.

"గిది వద్దు సార్, లోపలంత నానిపోయింది."

"నీకెట్ల ఎరుక?" అని ఆయన నొసలు ముడిచారు.

"మా అవ్వ కుండలు గిట్లనే కొంటది."

పాచి పడవనే తెచ్చి, గీకి, పగుళ్లు పూడ్చి, పూత పూశాం. నిన్న తెరచాప ఎత్తి సాగరంతా తిరిగాం. లోపలికి చుక్క నీరు రాలేదు. సార్ నీకు సలాం చెప్పమన్నారు.

బర్రె ఈనిందా? బాపు కాలు చూపించుకోవడానికి దవాఖానకు పోయాడా? తమ్ముడితో జవాబు రాయించు.

ఇంకొక మాట. షెడ్డు కోసం నేను కొన్న మంచినీళ్ల కుండ కారుతోంది. బస్సులు నడవగానే వస్తాను, ఒకటి నువ్వే కొట్టి చూసి తీసిపెట్టు.

నీ బిడ్డ,
సుజన