ఓబర్‌హాల్డెన్ వంతెన నిలిచే ఉన్నదని మనవి

ఎర్లెన్‌ష్టాట్ జిల్లా రోడ్ల శాఖాధికారి డాక్టర్ గైసెల్ గారి సముఖమునకు,
ఓబర్‌హాల్డెన్ గ్రామ కాపురస్థుడు, పాడిరైతు వెండెలిన్ రుప్పెల్ వ్రాసుకొను అర్జీ.
తేదీ: 22 అక్టోబరు 1984, సోమవారం

అయ్యా,

విషయం: మా ఊరి వంతెన కూలలేదని తమరు ఒప్పుకొనుట గురించి.
సూచిక: నా మునుపటి అర్జీకి తమ కార్యాలయం దయచేసిన ఆరు పేజీల జవాబు. అందులో పనికొచ్చే వాక్యం నాకు ఇంతవరకు దొరకలేదు.

1. గత సెప్టెంబరులో మిత్రదేశమైన అమెరికా సేనలు మా పొలాల్లో అయిదు రోజులు యుద్ధ విన్యాసాలు జరిపిన సంగతి తమకు విదితమే. మూడో రోజున చేతికి తెల్లపట్టీ కట్టుకున్న, గెలుపోటములు తేల్చే మధ్యవర్తి ఒకాయన జీపు దిగి మా వాగు వంతెనకు బోర్డు తగిలించారు: "ధ్వంసమైనది. దాటరాదు." నిజంగా పేల్చరు కనుక, పేలిపోయిందనుకోమని చెప్పడం వాళ్ళ పద్ధతి. అది యుద్ధం ఆడేవాళ్ళకు చెప్పిన మాట. అయిదో రోజు మధ్యాహ్నం పన్నెండింటికి ఆట ముగిసింది. పన్నెండుంపావుకు పదకొండు సైనిక శకటాలు ఆ కూలిన వంతెన మీదుగానే బ్యారకులకు తిరిగి వెళ్ళాయి. పోతూ పోతూ బోర్డు తీయడం మరిచిపోయారు.

2. మర్నాడు తమ శాఖ తనిఖీదారు వచ్చారు. బోర్డు చదివారు. వంతెన వైపు మాత్రం చూడలేదు. బోర్డు పక్కనే తమ శాఖ వారి ఎర్రచారల అడ్డుకర్ర కూడా నిలబెట్టి, సంతకం చేసుకుని వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి పాల లారీ, బడి బస్సు మిల్లు రోడ్డు మీదుగా పదహారు కిలోమీటర్లు చుట్టి వస్తున్నాయి.

3. ఇందులో నా వాటా కూడా దాచను. పదకొండు రోజులపాటు నేను పాల క్యాన్ల తోపుడుబండిని వాగులోకి దింపి, మోకాటి లోతు నీళ్ళలో తోసుకుంటూ అవతలి గట్టుకు చేర్చాను. నెత్తి మీద వంతెన ఖాళీగా ఉంది. చూసేవాడు లేడు. అయినా బోర్డుందిగదా అనుకున్నాను. ఊరంతా అలాగే అనుకుంది. బోర్డు కనబడితే బుర్ర పక్కన పెట్టడంలో మన జాతిని మించినవాళ్ళు లేరు. తమరు ఆ కళలో ఉద్యోగం కూడా సంపాదించారు, అంతే తేడా.

4. అక్టోబరు మూడో తేదీ ఉదయం నా భార్య ఒటీలియ వంటింట్లో బంగాళదుంపలు తొక్క తీస్తూ పడిపోయింది. కుడిచెయ్యి లేవలేదు, మాట ముద్దయింది. అంబులెన్సు ఆరు నిమిషాల్లో వంతెన అవతలి చివరకు వచ్చి ఆగింది. నేను ఇవతలి గట్టు మీద నిలబడి కేకలు పెట్టాను.

"వచ్చెయ్యండయ్యా! వంతెన గట్టిదే! మొన్న దీని మీదే మిలిటరీ బళ్ళు పోయాయి!"

"బోర్డుంది కదండీ," అన్నాడు డ్రైవరు.

"బోర్డు అబద్ధం!"

"అబద్ధమైతే మీ రోడ్ల ఆఫీసువాళ్ళు ఎందుకు ఉంచుతారండీ?"

ఆ ప్రశ్నకు జవాబు తమ దగ్గర ఉంటే సెలవియ్యండి. అంబులెన్సు వెనక్కి తిరిగి మిల్లు రోడ్డు పట్టింది. మా గడపకు చేరడానికి ఇంకా ఇరవై రెండు నిమిషాలు పట్టింది. అది వెనక్కి తిరిగేదాకా ఆమె వంటింటి నేల మీద ఒంటరిగా పడి ఉంది. నేను వంతెన దగ్గర చట్టం వాదిస్తూ ఉన్నాను. ఈ వాక్యం రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది, అయ్యా.

5. బోర్డు తీయించమని తమ కార్యాలయానికి మూడుసార్లు వచ్చాను. కిటికీలో కూర్చునే శ్రీమతి హిల్పెర్ట్ మూడుసార్లూ ఒకటే పాట పాడారు: "పెట్టినవాళ్ళే తియ్యాలండీ. మనం ముట్టుకుంటే మిత్రసేనల ఆస్తి కదా." సరేనని అమెరికన్ల బ్యారకులకు వెళ్ళాను. గేటు దగ్గర టకెట్ అనే సార్జెంటు దొరికాడు. ఇక్కడి అమ్మాయినే పెళ్ళాడిన మనిషి, మన భాష బాగానే మాట్లాడతాడు.

"పెద్దాయనా, ఆట అయిపోయి నెల కావస్తోంది! ఇంకా దాటట్లేదా మీరు?" అని కళ్ళు పెద్దవి చేశాడు.

"బోర్డుంది కదా నాయనా."

"ఓరి దేవుడా! రష్యావాళ్ళకి ట్యాంకులెందుకు? నాలుగు బోర్డులు తెచ్చుకుంటే చాలుగా!"

తానే వచ్చి పీకేస్తానన్నాడు. కానీ విన్యాసాలు ముగిశాక మన రోడ్డు మీద చెయ్యి వెయ్యాలంటే తమ కార్యాలయం నుంచి కాగితం కావాలట. ఆ కాగితం అడిగితే శ్రీమతి హిల్పెర్ట్, ముందు వాళ్ళ నుంచి కాగితం తెమ్మన్నారు.

6. ఇక తమ ఆరు పేజీల సంగతి. మిత్రసేనలు మన గడ్డ మీద ఉండటంలోని వ్యూహాత్మక ప్రయోజనం గురించి తమరు నాకు పాఠం చెప్పారు. విశాల ప్రయోజనం కోసం వ్యక్తులు చిన్న చిన్న అసౌకర్యాలు భరించాలని నాలుగో పేజీలో ఉంది. అయ్యా, నేను 1948 దాకా తూర్పున, రష్యాలో యుద్ధఖైదీని. సరిహద్దు కంచె నా గొడ్లచావడికి పదకొండు కిలోమీటర్లు. పై చేలోకి వెళితే అవతల రష్యా పక్షంవాళ్ళ కాపలా బురుజు కనిపిస్తుంది. అమెరికా సైనికులు ఇక్కడ ఎందుకున్నారో తమకంటే నాకే బాగా తెలుసు. వాళ్ళ విలువ ఫిరంగుల్లో లేదు. పెళ్ళాం పిల్లలను తెచ్చుకుని ఇక్కడే కాపురం పెట్టడంలో ఉంది. మన మీద చెయ్యి పడితే వాళ్ళ ఇంటి మీద పడినట్టేనని అవతలివాడికి తెలియాలి. తెలిసింది కనుకనే ముప్పైఆరేళ్ళుగా నా చేలో నా ఇష్టం వచ్చిన పంట వేసుకుంటున్నాను. ఇందుకు ఆరు పేజీలు అక్కర్లేదు.

కాబట్టి మిత్రసేనల చాటున దాక్కోకండి. వాళ్ళు మా కోసం సముద్రం దాటి వచ్చారు. తమ ఏలుబడిలోని అంబులెన్సు వాగు దాటలేకపోయింది.

7. ఒటీలియకు మాట కొద్దికొద్దిగా తిరిగి వస్తోంది. శుక్రవారం ఇంటికి పంపుతామని ఆసుపత్రివాళ్ళు అన్నారు. పక్షవాతం మళ్ళీ వస్తే ప్రాణం నిమిషాల మీద ఉంటుంది జాగ్రత్త అని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. నిన్న ఆసుపత్రిలో ఆమె నన్ను అడిగింది. ఒక్కో మాటా వెతుక్కుంటూ అడిగింది.

"ఇంకా... ఉందా... అది?"

"ఉందే."

"రష్యా నుంచి... నడిచొచ్చావు. చెక్కపలకకి... భయమేంటయ్యా?"

ఆమె నవ్వింది. నోరు ఒక పక్కకే వెళ్ళింది. నాకు ఏడుపొచ్చింది.

కావున, పై విషయములు చిత్తగించి, శుక్రవారం లోపల సదరు బోర్డును, అడ్డుకర్రను తొలగింప ఆజ్ఞాపించవలెను. చిత్తగించే తీరిక లేకపోతే ఒకసారి వచ్చి వంతెన మీద నిలబడవలెను. తమ బరువుకు కూలితే నా అర్జీ వెనక్కి తీసుకుంటాను.

శుక్రవారం వరకు మాత్రమే
తమ విధేయుడు,
వెండెలిన్ రుప్పెల్

తా.క. (గురువారం, సాయంత్రం ఆరు గంటలు)

సోమవారం రాసిన పై కాగితాన్ని పోస్టులో వేయలేదు. జవాబు తెలిసిన ఉత్తరానికి స్టాంపు దండగ అనిపించింది. మధ్యాహ్నం సుత్తి, పట్టకారు తీసుకుని వెళ్ళి బోర్డు ఊడబీకాను. అడ్డుకర్రను వాగులో పారేశాను. తోపుడుబండిని వంతెన మీద మూడుసార్లు అటూ ఇటూ తోశాను. ఊరివాళ్ళు గట్టు మీద నిలబడి చూశారు. తర్వాత పాల లారీవాడు తలగీరుకుని, హారన్ కొట్టి, వచ్చేశాడు. రేపు పదింటికి ఒటీలియ ఆ దారినే వస్తుంది.

బోర్డు మిత్రసేనల ఆస్తి కనుక పారేయలేదు. భద్రంగా తెచ్చి, తమ ఆఫీసు మూసి ఉండగా, వీధి తలుపుకు నాలుగు మేకులతో కొట్టాను. "ధ్వంసమైనది. దాటరాదు." రేపు ఎనిమిదింటికి తమ సిబ్బంది అంతా బయట వరసగా నిలబడి దాన్ని చదువుకుంటూ ఉంటారని నాకు గట్టి నమ్మకం. పెట్టినవాణ్ణి నేను. నేను రేపు ఖాళీగా లేను.

ఈ అర్జీని తలుపు కిందనుంచి లోపలికి తోస్తున్నాను. తమరు దీన్ని చదువుతున్నారంటే, బోర్డు దాటి లోపలికి వచ్చారన్నమాట.

ఏమైనా అయిందా?