చెవులకు సుఖంగా, పదిహేను వందల్లో

దిల్‌సుఖ్‌నగర్, లేడీస్ హాస్టల్,
జనవరి 6

కనకరాజు మామయ్యకు మేనకోడలు అఖిల దండం పెట్టి రాస్తున్నది.

నా ఫోన్ నీ చేతిలో పెట్టి, "పరీక్ష అయ్యేదాకా ఏడ్చినా ఇవ్వకు" అన్నది నేనే కదా. అందుకే ఈ ఉత్తరం. శ్రీకళ అత్తయ్య పంపిన క్యారియర్ ఖాళీ చేసి, కడిగి, అందులో పెట్టి జానయ్య ఆటోలో పంపుతున్నాను. పులుసు వాసన వస్తే ఏమీ అనుకోకు.

గదిలో ఆరుగురం ఉన్నాం. ఒకామె గట్టిగా చదువుతుంది. ఆమె వినబడకుండా ఇంకొకామె ఇంకా గట్టిగా చదువుతుంది. ట్యాబ్‌లో పాలిటీ సారు పాఠం వినాలంటే నాకు మంచి హెడ్‌ఫోన్లు కావాలి మామా. పోయినసారి గ్రూప్స్ పాలిటీ ఒక్కదాంట్లోనే పోయింది. ఈసారి కూడా పోతే "ఇగ చదివింది చాలు, అబ్దుల్లాపూర్‌మెట్ ఒచ్చి మన హోటల్ గల్లాల కూసో" అన్నాడు నాన్న.

పదిహేను వందలు దాటొద్దు. రోజుకు ఎనిమిది గంటలు పెట్టుకున్నా చెవులు నొయ్యొద్దు. మాట స్పష్టంగా వినబడాలి.

నీ మీదే ఆశ పెట్టుకున్న,
అఖిల

తా.క. దుకాణంలో పాట పెట్టి చూడకు. పాట దేంట్లోనైనా బాగానే ఉంటుంది. నా ఫోన్‌లో సారు క్లాసులున్నాయి, అవి పెట్టి విను. నిద్రపోకుండా వింటే నీకు సన్మానం చేస్తా.

ఎల్బీనగర్, హెల్మెట్ల దుకాణం,
జనవరి 9

చిరంజీవి అఖిలకు మామ దీవెనలు.

ఇరవై మూడు ఏండ్ల సంది జనం తలకాయలే చూస్తున్న. నన్ను కాక ఇంకెవర్ని అడుగుతవ్ బిడ్డా! మస్తు సంతోషమైంది.

పక్క మొబైల్ దుకాణం యోగేందర్ ఒక జత హెడ్‌ఫోన్లు చేతుల పెట్టి, "అన్నా, బేస్ చూడు" అని డప్పుల పాట పెట్టిండు. బంద్ చెయ్యరా అన్న. మా హెల్మెట్ల పద్ధతి వేరే ఉంటది. పెట్టుకొని తల కిందికి ఒంచి మూడుసార్లు ఊపిన, ఊడలే. దవడ ఆడించిన, నొయ్యలే. నీ తల మీడియం సైజని నాకు యాదికున్నది, నీ స్కూటీ హెల్మెట్ ఇచ్చింది నేనే కదా. "ఐఎస్ఐ ముద్ర ఏదిరా?" అంటే యోగేందర్ పడి పడి నవ్విండు.

ఇగ సారు క్లాస్ పెట్టి గంట సేపు విన్న. సారు నా చెవుల కూసోని చెప్తున్నట్టే ఉన్నది. పద్నాలుగు వందలు. క్యారియర్ల పెట్టిన, అన్నం డబ్బా మీద.

నీ మామ,
కనకరాజు

తా.క. నిద్ర రాలే బిడ్డా! రాజ్యసభ అంటే ఏందో ఇన్నేండ్లకు సమజైంది. అది మన దుకాణం తీరుగ ఉన్నది. ఒక్కసారే మొత్తం ఖాళీ కాదు. రెండేండ్లకోపాలి మూడోవంతు పాత సరుకు పోయి కొత్తది ఒస్తది. షట్టర్ మాత్రం ఎప్పుడూ దించరు.

దిల్‌సుఖ్‌నగర్,
జనవరి 13

మామయ్యకు నమస్కారాలతో.

హెడ్‌ఫోన్లు అందాయి. అన్నీ బాగున్నాయి గానీ, కళ్లజోడు కాడల్ని కణతలకు అదుముతున్నాయి. ఇంకో రకం చూస్తావా? అప్పటిదాకా వీటినే వాడతాను. ఈసారి పరీక్షించేటప్పుడు ఏ పాఠం విన్నావో, అందులో ఏముందో కూడా రాయి. సౌండ్ ఎలా ఉందో నాకు తెలియాలి కదా.

అఖిల

తా.క. నీ రాజ్యసభ ముచ్చట నా గదిలో ఉండే బిందుమాధవికి చదివి వినిపించా. మీ మామ ఏ కోచింగ్ సెంటర్లో చెప్తారని అడిగింది.

ఎల్బీనగర్,
జనవరి 20

బిడ్డా అఖిలా, ఆశీస్సులు.

కళ్లజోడు సంగతి నాకు ముందుగాల తట్టలేదు, తప్పు నాదే. ఈసారి చెవిని మొత్తం మూసే పెద్ద గిన్నెలు, మెత్తటి దూది. దుకాణానికి కళ్లజోడుతో ఎవరొచ్చినా పెట్టి చూపించిన. చంపాపేట్ నుంచి ఒచ్చినాయన హెల్మెట్ బేరం మర్చిపోయి ముప్పై నిమిషాలు క్లాస్ విన్నడు. మీ అత్త చూసి, "గిరాకీకి పాఠాలు చెప్పే దుకాణం నీదొక్కటే" అని చెడామడా తిట్టింది.

నిజం చెప్పాల్నంటే, డిగ్రీ అయినంక నేను గూడ ఒకసారి గ్రూప్స్ ఫారం తెచ్చుకున్న. నింపలే. గప్పుడే దుకాణం తెరిసిన, ఫారం గల్లా కింది అరల ఉండిపోయింది. పోనీ తియ్, నువ్వు రాస్తున్నవ్ కదా.

మామ

తా.క. ఈసారి విన్నవి రిట్లు. హెబియస్ కార్పస్ అంటే మనిషిని తెచ్చి ముందర నిలబెట్టమనుడు. నెల సంది నిన్ను ఇంటికి పంపని మీ వార్డెన్ మీద గిది ఎయ్యమంటున్నది అత్త. మాండమస్ అంటే నీ పని నువ్వు చెయ్యమని హుకుం. కోవారంటో అంటే ఏ హక్కుతోని ఆ కుర్చీల కూసున్నవని అడుగుడు. నేను టీవీ ముందర కూసుంటే ఈ రెండూ మీ అత్త రోజూ ఏస్తది.

దిల్‌సుఖ్‌నగర్,
జనవరి 24

మామయ్యకు,

ఇవి వాపసు పంపుతున్నా, కోప్పడకు. వేరేవి దొరికేదాకా ఆ మొదటివే వాడతా. చెవులకు చెమట పడుతుంది. పైగా ఎడమ చెవిలో సారు కొంచెం దూరంగా కూర్చున్నట్టు అనిపిస్తున్నాడు. వైరు లేనివి చూస్తే?

అఖిల

తా.క. ద్రవ్య బిల్లు పాఠం పెట్టి చూడు. ఆ క్లాసులో సారు గొంతు మరీ సన్నగా ఉంటుంది. అసలు పరీక్ష అదే.

ఎల్బీనగర్,
ఫిబ్రవరి 2

అఖిలకు,

వైరు లేనివి మూడు రకాలు చూసిన. ఒకదాంట్ల సారు నోరు ముందు ఆడుతది, మాట ఎనక ఒస్తది. ఇంకోదాని చార్జింగ్ సగం క్లాసులనే అయిపోయింది. మూడోది మంచిగున్నది, పంపుతున్న.

కానీ బిడ్డా, ఒక మాట అడుగుత, ఏమనుకోకు. ఎన్ని పంపినా ఏదో ఒక వంక పెడుతున్నవ్. చెవుల నొప్పి నిజమేనా? లేకుంటే చదువు మీదనే మనసు పోతలేదా? నీ గురించి నాకు, అత్తకు పరేషాన్ అయితున్నది. మీ నాయినకు నేను జామీను నిలబడ్డ, "నా మేనకోడలు కొట్టుకొస్తది" అని. ఆదివారం ఒస్త, చెవుల దవాఖానకు పోదాం.

మామ

తా.క. ద్రవ్య బిల్లును రాజ్యసభ పద్నాలుగు రోజులు పెట్టుకోవచ్చు, సలహాలియ్యొచ్చు. లోక్‌సభ వింటే విన్నట్టు, లేకుంటే లేదు, బిల్లు పాసే. మనింట్ల లోక్‌సభ మీ అత్త. కొత్త ఫ్రిజ్ బిల్లు మీద నేను పద్నాలుగు రోజులు ఆలోచించిన. పదిహేనో రోజు ఫ్రిజ్ ఒచ్చింది.

దిల్‌సుఖ్‌నగర్,
ఆగస్టు 17

నా మామయ్యకు అఖిల వేయి దండాలు.

ఫోన్ చేతికొచ్చినా ఈ సంగతి ఉత్తరంలోనే చెప్పాలి. ఆ ఆదివారం దవాఖానలో డాక్టరు చెవులు బాగున్నాయంటే నువ్వు నా మొహం ఒకసారి చూసి ఆటో పిలిచావు. ఆ చూపు ఇప్పటికీ బాధపెడుతుంది. అందుకే నిజం చెప్తున్నా.

మొదటి జతనే మామా. మొదటి రోజు నుంచి పరీక్ష దాకా అవే నా చెవులకున్నాయి. కళ్లజోడును అవేమీ అదుమలేదు. నువ్వు తల మూడుసార్లు ఊపి చూసినవి తప్పుతాయా? మిగతావి డబ్బా కూడా విప్పకుండా వాపసు పంపా. యోగేందరన్నకు నా క్షమాపణ చెప్పు.

చిక్కెక్కడంటే, సారు పాఠానికి నాకు ముందు నుంచీ నిద్రొచ్చేది. నీ హెడ్‌ఫోన్లు అంత సుఖంగా ఉండేసరికి ఇంకా హాయిగా నిద్రపోయా! కానీ నీ తా.క.లో రాజ్యసభ ఒక్కసారి చదివితే మళ్లీ మర్చిపోలేదు. నేను వంక పెడితేనే నువ్వు ఇంకో పాఠం వింటావు, వింటేనే రాస్తావు. అందుకే పెట్టా.

పరీక్షలో ద్రవ్య బిల్లు వచ్చింది. నాకు ఫ్రిజ్ గుర్తొచ్చి గట్టిగా నవ్వా. ఇన్విజిలేటర్ వచ్చి నా పేపరు రెండుసార్లు తిప్పి చూసింది. నిన్న ఫలితాలొచ్చాయి. ఉద్యోగం వచ్చింది మామా! నువ్వు నాన్నకు నిలబడ్డ జామీను విడుదలైంది.

నువ్వు చెప్పిన పాఠంతో పాసైన,
అఖిల

తా.క. గ్రూప్స్ కొత్త నోటిఫికేషన్ పడింది. నీకు వయసు పరిమితి దాటడానికి ఇంకా ఏడాది ఉంది, లెక్క చూశా. నీ సర్టిఫికెట్లు అత్తయ్య తీసిచ్చింది. దరఖాస్తు నింపేశాం. లోక్‌సభలో పాసైంది కాబట్టి నీకు పద్నాలుగు రోజులు ఆలోచించుకునే హక్కుంది, అంతే. క్యారియర్ పై డబ్బాలో ఆ మొదటి జత హెడ్‌ఫోన్లున్నాయి, పట్టీ లార్జ్ సైజుకు పెంచా. ఇక నీ ఫోన్ జానయ్య చేతికియ్యి. పరీక్ష అయ్యేదాకా ఏడ్చినా ఇవ్వను.