గేటు పక్క ఎర్ర పైపు

బావా,

నేను ఎల్బీ నగర్ షాపుకు పోతున్న. డాబా మీది వాన నీళ్లు దిగే పాత ఇనుప పైపుకు ఇయ్యాల తప్పకుండ రంగు ఎయ్యి. బూడిదరంగు డబ్బా, బ్రష్ మెట్ల కింద పెట్టిన. ముందుగాల గరుకు కాగితంతో జర రుద్ది, పొడిబట్టతో తుడువు. నిచ్చెన భిక్షపతి మామ ఇంట్ల ఉన్నది, అడిగి తెచ్చుకో. మబ్బు పట్టకముందే పని కానియ్యి.

తుప్పు గీకి, ఎర్ర ప్రైమర్ కొట్టి, "పై రంగు రేపేస్త" అన్నవు. పదిహేను రోజులైంది. గేటు పక్కన ఎర్రగ నిలబడ్డ పైపును చూసి, బోనాలకు పోయేటోళ్లు పోతరాజు అనుకుంటున్నరు. మొదలు ఎవరో పసుపు రాసి బొట్లు పెట్టిన్రు. నిన్న ఒకామె వేపకొమ్మ కట్టి, కొబ్బరికాయ కొట్టిపోయింది. తుడుస్తనంటే అత్తమ్మ ఊకుంటలేదు. "ఒక్కపారి మొక్కినంక తుడుస్తరా?" అని నా మీదికే లేస్తున్నది. అందుకే ఆమె కూరగాయలకు పోయినంక మొదలుపెట్టు. దండం పెట్టుకొనే తుడువు, ఎందుకైనా మంచిది. కొబ్బరి చిప్పలు పారెయ్యకు, చట్నీకి దాచిన.

ఇల్లు నీది, పైపు నీది, వాడకట్టుకు జవాబు చెప్పేది మాత్రం నేను!

– కుమారి

ఇంకో మాట. పొద్దుగాల గేటు ఏస్తుంటే, అందరిని చూసి చూసి నేను గూడ దానికి దండం పెట్టిన. "మా ఆయన ఇయ్యాలన్న బ్రష్ పడితే కోడిని ఇస్త" అని మొక్కుకున్న. కోడిని ముందుగాలనే తెచ్చి ఫ్రిజ్‌ల పెట్టిన.