బీడు మీద బూడిద

అద్దంకి,
ఫిబ్రవరి నెల

ప్రియమైన నాన్నకి,

ఫోన్లో ఎంత అరిచినా నీకు వినపడటం లేదని అన్నయ్య చెప్పాడు. అందుకే రాస్తున్నాను. అక్కడ అన్నయ్య ఇంట్లో తీరిగ్గా చదువుకో.

మన కొండవాలు బీడులో జామాయిల్ వేద్దామని నువ్వూ అన్నయ్యా అనుకున్నారు. నేను వెయ్యనివ్వను నాన్నా. "దానికి నేల సంగతి ఏం తెలుసులే" అని నువ్వు నా గురించి అందరి ముందూ అన్నప్పుడు నవ్వి ఊరుకున్నాను గానీ, ఆ పూట అన్నం సయించలేదు. జామాయిల్ వేస్తే మేత లేక గేదెల్ని అమ్ముకోవాలి. అవి లేని ఇంట్లో నాకు తోచదు.

మట్టి పరీక్ష చేయించాను. ఆ ఎర్రనేల ఆమ్లం ఎక్కువై పులిసిపోయిందట, గడ్డి పలచబడింది అందుకేనట. పత్తికట్టె కాల్చి కరెంటు తీసే మిల్లులో మిగిలిన బూడిద చల్లితే పులుపు విరుగుతుందన్నారు. నల్లరేగడికి మాత్రం వద్దన్నారు. ట్రాక్టరుతో తోలించి సగం బీడుకి చల్లిస్తుంటే గాలి లేచింది. బూడిదంతా పక్క కల్లంలో సైదాబీ ఆరబోసిన మిరపకాయల మీద పడింది.

"ఏమే పార్వతీ, నీకు కళ్ళు కనపడట్లేదా?" అంది. గుడ్డ పట్టుకుని పరిగెత్తాను. ఇద్దరం కూర్చుని కాయలు తుడిచాం. అయినా అప్పట్నుంచీ ఆమె నన్ను చూస్తే మొహం తిప్పుకుంటోంది. మిగిలిన బూడిద తడిపి ఆ సగంలోనే చల్లించాను. చిన్నప్పట్నుంచీ కలిసి తిరిగిన మనిషి నాన్నా, అదే బాధగా ఉంది.

నీ కూతురు,
శివపార్వతి


అద్దంకి,
సెప్టెంబరు

నాన్నా,

వానలు పడ్డాక బూడిద వేసినవైపు గడ్డి ఒత్తుగా లేచింది. ఎవరూ విత్తకుండానే మధ్యలో గేదెలు ఇష్టంగా మేసే పిల్లిపెసర తీగలు అల్లుకున్నాయి.

మొన్న సైదాబీ గేదె కంచె తోసుకుని లోపలికొచ్చింది. బూడిద వెయ్యని సగంలో ఒక్క పరక కూడా ముట్టకుండా నడిచిపోయి, ఇవతలి గడ్డిలో నిలబడింది. సైదాబీ వచ్చి పలుపు పట్టి లాగింది, కదల్లేదు. నేను వెళ్ళి వెనకనుంచి నెట్టాను. ఇద్దరం బురదలో పడ్డాం. గేదె మాత్రం మేస్తూనే ఉంది.

ముందు సైదాబీకే నవ్వొచ్చింది. "ఏం పెట్టావే ఈ గడ్డికి?" అంది.

"బూడిదే. నీ కాయల మీద పడిందే, అదే."

"అయితే ఈసారి నా బీడుకీ చల్లిద్దాం. కల్లంలో కాయలు ఎత్తాక."

మళ్ళీ పొద్దున్నే కలిసి పాలకేంద్రానికి వెళ్తున్నాం. నువ్వు కోప్పడినా సరే, జామాయిల్ మాట ఇంక ఎత్తొద్దు.

పార్వతి


బ్రాడీపేట, గుంటూరు

అమ్మాయ్ పార్వతీ,

నీ ఉత్తరం మీ అన్నయ్యకి గట్టిగా చదివి వినిపించాను. జామాయిల్ మొక్కలు వద్దని నర్సరీవాళ్ళకి వాడిచేతే చెప్పించాను. ఆ బీడులో పిల్లిపెసర చూసి ఎన్నాళ్ళయిందో. ఉత్తరంలో చదివితే నాకు సరిపోదు. సోమవారం పొద్దుటి బస్సుకి వస్తున్నాను. చూసి వచ్చేస్తానని ఇక్కడ మీ అన్నయ్యవాళ్ళకి చెప్పాను, నువ్వు వాళ్ళకేమీ చెప్పకు. బట్టలన్నీ సర్దుకున్నాను. మంచం గేదెల పాక పక్కన వసారాలో వేయించు.

మీ నాన్న,
చెంచయ్య